గంగామణి బరువు

బడి మైదానంలో పెద్దమ్మ కూతురు జమున ఖో-ఖో ఆడుతుంటే గట్టు మీద కూర్చుని చప్పట్లు కొడుతున్న గంగామణి ఉన్నట్టుండి తల పట్టుకుని పక్కకు ఒరిగిపోయింది. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకొచ్చిన తల్లి నీలవ్వ ఆ డబ్బా అక్కడే పడేసి, పిల్లను ఆటోలో వేసుకుని మామిడిపల్లి చౌరస్తా దగ్గర కొత్తగా తెరిచిన దవాఖానకు ఉరికింది. లోపలికి అడుగు పెట్టగానే డాక్టర్ లిదియా పిల్ల ముఖం చూసి, "మళ్లీ తలనొప్పేనా గంగా?" అని అడిగింది. ఆ "మళ్లీ" చెవిన పడి నీలవ్వ గుమ్మంలోనే నిలిచిపోయింది. పోయిన వారం భాగంలో మనమూ అక్కడే నిలిచిపోయాం.

నీలవ్వ ఆ దవాఖాన గడప తొక్కడం అదే మొదటిసారి. పిల్లకు జ్వరమొచ్చినా దగ్గొచ్చినా ఆమె నిజామాబాద్ బస్సెక్కించేది తప్ప ఆర్మూర్‌లో ఎవరికీ చూపించేది కాదు. ఊళ్లో చూపిస్తే ఊరందరికీ తెలుస్తుందని, అందరికంటే ముందు గోడ అవతల ఉన్న తోడికోడలు మంగవ్వకు తెలుస్తుందని ఆమె భయం.

"మళ్లంటరేంది డాక్టరమ్మా? మేమెప్పుడు రాలేదు గదా," అంది.

లిదియా అప్పటికే పిల్ల జబ్బకు బీపీ పట్టీ చుట్టి రబ్బరు బుడ్డి ఒత్తుతోంది. "మీరు రాలేదమ్మా. వాళ్లమ్మ తీసుకొచ్చింది, దీపావళి అయినంక," అంది మామూలుగా.

"నేనే దాని అమ్మను."

బుడ్డి ఒత్తే చెయ్యి ఆగింది. పట్టీలోంచి గాలి సన్నగా బయటికి పోయింది. లిదియా ఆమెను చూసింది, పిల్లను చూసింది. గంగామణి మాత్రం ఎవరినీ చూడకుండా బల్ల మీద పరిచిన దుప్పటి అంచును వేలికి చుట్టుకుంటోంది.

వచ్చినామె ఎట్లా ఉంటుందని నీలవ్వ అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఆర్మూర్ మొత్తంలో తన బిడ్డను చేయి పట్టుకుని తీసుకుపోయి, పరాయి మనిషి ముందు "నా బిడ్డ" అని చెప్పగలిగిన ఆడది ఒక్కతే. కాళ్లు బల్ల దగ్గరే ఉన్నాయి కాని మనసు ఎప్పుడో గోడ దూకి మంగవ్వ వాకిట్లో నిలబడింది.

లిదియా తప్పు సర్దుకోబోలేదు. ఆమె ఇక్కడి పిల్లే. తల్లి రత్నవ్వ ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పసుపు చేలల్లో కలుపు తీసింది. బిడ్డ హైదరాబాద్‌లో డాక్టరు చదివి తిరిగొచ్చి ఇక్కడే బోర్డు పెట్టింది. ఆడవాళ్ల మధ్య ఇటువంటి నిశ్శబ్దం ఏమిటో ఆమెకు తెలుసు. మళ్లీ బుడ్డి ఒత్తింది. కాసేపాగి ఇంకో చేతికి చుట్టి చూసింది. తర్వాత పట్టుకారు వంటి సాధనం ఒకటి తీసి, గంగామణి జబ్బ వెనక, వీపు మీద, బొడ్డు పక్కన తోలు పట్టి కొలిచింది. పిల్ల సిగ్గుతో ముడుచుకుపోయింది.

పదమూడేళ్ల పిల్లకు ఉండాల్సిన దానికంటే బీపీ చాలా ఎక్కువ ఉందని లిదియా చెప్పింది. నీలవ్వ నమ్మలేదు. బీపీ ముసలోళ్ల జబ్బు, మా అత్తకుండె, తిని ఆడుకునే పిల్లకెందుకొస్తదని వాదించింది. పిల్ల ఎంత పుష్టిగా ఉందో చూడమంది. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో గర్వం ఇంకా అట్లాగే ఉంది.

"ఎన్నో నెలల పుట్టింది?" అని అడిగింది లిదియా.

నీలవ్వ గొంతు దానంతటదే దిగిపోయింది. దొంగతనం ఒప్పుకున్నట్టు, "ఏడో నెలల," అంది.

లిదియా కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "చెప్తా ఇనమ్మా. బరువు అంటే ఒక్కటే తీరుది కాదు. కండ బరువు వేరే, కొవ్వు బరువు వేరే. నెలలు నిండకముందే పుట్టిన పిల్లలు పెద్దగయ్యేదాకా ఎట్లుంటున్నరని గీ మధ్య పెద్ద పెద్ద డాక్టర్లు చూస్తున్నరు. వాళ్లల్ల కొందరికి ఒళ్లు వస్తది గని కండ తక్కువుంటది, కడుపు చుట్టు కొవ్వు పడుతది. బీపీ, షుగర్ జల్ది వచ్చే భయం ఉంటది. అందరికీ రాదు. కనిపెట్టుకొని చూసుకుంటే ఫికర్ లేదు. గని సన్నగ పుట్టింది గదా అని తొందర తొందరగ లావు చెయ్యొద్దు."

మూత్రానికీ రక్తానికీ పరీక్షలు చేయించాలని, ఉప్పు, నెయ్యి, తీపి తగ్గించాలని, ఇది తల్లి తప్పని తను అనడం లేదని కూడా చెప్పింది. చిన్నగా పుట్టిన పిల్లకు పెట్టొద్దని ఏ తల్లి అనుకుంటది అంది. ఆ చివరి మాట నీలవ్వకు వినపడలేదు. "తొందర" దగ్గరే ఆమె చెవులు మూసుకుపోయాయి.

"నడక మొదలువెట్టినంక చూస్తె కొంచెం నయమే ఉండె," అని లిదియా పిల్ల వీపు తట్టింది. "ఆపినట్టున్నవ్, ఎందుకు గంగా?"

"ఏం నడక?" అంది నీలవ్వ.

గంగామణి దుప్పటి అంచు వదిలింది. పొద్దున్నే లెక్కల ట్యూషన్‌కు పోతున్నానని చెప్పి తాను పోయింది జమునతో సిద్దుల గుట్ట దాకా అని, సంక్రాంతి పండగ తర్వాత చలికి లేవలేక మానేశానని, తల్లి వైపు చూడకుండా చెప్పింది. నీలవ్వ పిల్లను ఆటోలో ఇంటికి తీసుకొచ్చి, మంచంలో పడుకోబెట్టి, తలుపు దగ్గరికేసి చెప్పులు తొడుక్కుంది.

ఎక్కడికని గంగామణి అడిగింది. నీలవ్వ అప్పటికే గడప దాటింది.

*

అంకాపూర్ రోడ్డు పట్టుకుని కల్లం వైపు నడుస్తుంటే నీలవ్వకు పదమూడేళ్లూ ఎదురొచ్చాయి.

ఎనభై మూడులో ఇద్దరు తోడికోడళ్లూ ఒకేసారి కడుపుతో ఉన్నారు. పెద్దకోడలు మంగవ్వకు నెలలు నిండి జమున పుట్టింది. నిండు కుండలాంటి పిల్ల, పుట్టిన నాడే వాడంతా వినపడేట్టు ఏడ్చింది. ఆ తర్వాత వారం తిరక్కముందే, ఇంకా రెండు నెలలు గడువున్న నీలవ్వకు పసుపు తవ్వేకాడ నొప్పులొచ్చాయి. పుట్టిన పిల్ల అరచేతిలో ఇమిడేటట్టుంది. పెద్ద దవాఖానలో అద్దాల పెట్టె ఖాళీ లేదన్నారు. అత్త కనకవ్వ పిల్లను దూదిలో చుట్టి ఇంటికి తెచ్చింది. నీలవ్వకు బాలింత జ్వరం పట్టి ఒళ్లు తెలియకుండా పోయింది.

జ్వరం దిగి కళ్లు తెరిచిన పొద్దు ఆమె ఇప్పటికీ మరువలేదు. ఎదురు మంచంలో మంగవ్వ వెల్లకిలా పడుకుని ఉంది. ఆమె రొమ్ముల మధ్య, కొంగు కింద, చిన్న తల ఒకటి. తన బిడ్డ ముఖం నీలవ్వ తొలిసారి చూసింది ఇంకొకరి గుండె మీద. ఒంటి వేడి తగలాలని డాక్టరు అట్లా పెట్టుకోమన్నాడని అత్త చెప్పింది. నీకు ఒళ్లు తెలియదు, ఇంకెవరు పెట్టుకుంటారంది. మాట సబబుగానే ఉంది. కాని ఆ పొద్దు నీలవ్వ గుండెలో పడ్డ ముల్లు ఆ మాటకు బయటికి రాలేదు.

పిల్ల బతికింది. అత్త ఇద్దరు మనవరాళ్లకూ జంట పేర్లు పెట్టింది, గంగామణి, జమున అని. ఆ జంటే నీలవ్వకు ప్రాణం మీదికొచ్చింది. ఎవరింటికి పోయినా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూసేవాళ్లు. ఇద్దరూ ఒక్క ఈడువాళ్లేనా అని అడిగేవాళ్లు. జమున నడిచింది, గంగామణి ఇంకా పాకుతోంది. జమున పళ్లతో చెరుకు చీలుస్తోంది, గంగామణి అన్నం కక్కుతోంది. జమున దగ్గినా నీలవ్వ గోడకు చెవి పెట్టి వినేది. ఆ పిల్లకు జ్వరం వచ్చిందని తెలిస్తే అయ్యో అనేది, అంటూనే లోపల ఎక్కడో చల్లబడేది. ఆ చల్లదనానికి తనకు తానే భయపడి దేవుడికి దండం పెట్టుకునేది.

భర్త తుకారాం దుబాయ్ పోయాక పాలపొడి డబ్బాలు, బాదంపప్పులు రావడం మొదలైంది. నీలవ్వ ఇంట్లో గిన్నె పొయ్యి మీంచి దిగేది కాదు. నెయ్యిలో వేయించిన రొట్టె, బెల్లం కలిపిన మలీద, నువ్వుల ముద్దలు. పిల్ల వద్దంటే ముక్కు పట్టుకుని మింగించింది. ఏటా పసుపు గంజ్‌కు అమ్మకానికి తోలినప్పుడు, బస్తాలు తూచిన కాంటా మీద పిల్లలను కూడా నిలబెట్టే సరదా ఒకటి ఉండేది ఆ ఇంట్లో. ఏటా జమున బరువే ఎక్కువ తూగేది. పిల్లలకు పదో ఏడు వచ్చిన సంవత్సరం ముల్లు గంగామణి వైపు మొగ్గింది. ఆ రోజు నీలవ్వ గంజ్‌లో హమాలీలందరికీ బెల్లం పంచింది. ఎందుకని ఎవరూ అడగలేదు. మంగవ్వకు మాత్రం తెలుసు. తెలిసి, ఆమె కూడా ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది.

ఇంకొక్క గర్వం కూడా నీలవ్వకుండేది. అంత జ్వరంలోనూ తన పాలు ఎండిపోలేదు. ఒళ్లు తెలిసిన వారానికే పిల్ల చీకడం నేర్చింది, తాను తాగినన్ని పాలు ఇచ్చింది. పిల్ల మంగవ్వ గుండె మీద ఉంటే ఉండనీ, పెరిగింది మాత్రం తన పాలతో. ఇది ఆమె ఎవరికీ చెప్పేది కాదు, తనకు తాను చెప్పుకునేది.

కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. బెల్లం పంచింది ఆ కొవ్వుకా?

*

కల్లంలో పసుపు ఉడుకుతోంది. పెద్ద ఇనుప కడాయి మీద పసుపాకు కప్పి, దాని మీద గోనెలు పరిచారు. ఆవిరి తెరలు తెరలుగా లేస్తోంది. మంగవ్వ కడాయి పక్కన కూర్చుని కొమ్ము ఒకటి బయటికి తీసి, ఉడికిందో లేదో పుల్లతో గుచ్చి చూస్తోంది. తోడికోడలు వస్తున్న నడక చూసి ఆమెకు అర్థమైంది. పక్కనున్న లస్మవ్వతో, కూలోళ్లందరినీ తీసుకుపోయి చాయ తాగి రమ్మంది. వాళ్లు రోడ్డెక్కేదాకా నీలవ్వ ఆగింది.

"నా బిడ్డకు అమ్మ ఎవలక్కా?" అంది నీలవ్వ.

మంగవ్వ పుల్ల పక్కన పెట్టింది. "గంగ మంచిగున్నదా?"

"నేనడిగిందానికి చెప్పు."

మంగవ్వ తప్పించుకోలేదు. పిల్లను దవాఖానకు తీసుకుపోయిన మాట నిజమేనంది. ఎవరీ పిల్ల అని డాక్టరు అడిగితే నా బిడ్డ అన్నాననీ, ఆ మాట ఆలోచించి అన్నది కాదనీ, నోటికి అదే వచ్చిందనీ చెప్పింది. బీపీ ఉందని తెలిసిన రోజే చెబుదామని గోడ దాకా వచ్చిందట. ఆ పొద్దు నీలవ్వ నువ్వుల ముద్దలు కడుతోందట. నెయ్యి జర తగ్గించు చెల్లె అని అంతమాత్రం అనగానే నీలవ్వ ఏమన్నదో గుర్తు చేసింది.

నీలవ్వకు గుర్తుంది. నా బిడ్డ ఒళ్లు చేస్తుంటే నీ కండ్లు మండుతున్నయా అని, వాడకట్టంతా వినపడేటట్టు అంది.

"గా మాట అన్నంక మల్ల ఏం చెప్పాలె నీకు?" అంది మంగవ్వ. "చెప్తె ఇంటవా? నేను నీళ్లు తాగు అంటె నువ్వు దూప పట్టి సస్తవ్ గని తాగవు. అందుకే జమునకు చెప్పిన, పొద్దుగాల దాన్ని గుట్ట దాక నడిపియ్యమని."

"దొంగతనంగ."

"దొంగతనంగనే."

ఆ ఒప్పుకోలు నీలవ్వకు ఇంకా కోపం తెప్పించింది. పదమూడేళ్లుగా దాచుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. పుట్టిన నాటి నుంచీ పిల్లను నువ్వు నా దగ్గర ఉండనిచ్చింది లేదంది. తను ఒళ్లు తెలియక పడి ఉంటే పిల్లను గుండెకు ఎత్తుకున్నావంది. అది పెద్దమ్మ, పెద్దమ్మ అంటూ నీ వెనకే తిరుగుతుంటే నేను వంటమనిషిలాగ గిన్నెలు పట్టుకుని కూర్చున్నానంది. నీ బిడ్డ గెలుస్తుంది, ఉరుకుతుంది, కప్పులు తెస్తుంది, అది చాలదా, నా బిడ్డ కూడా కావాలా అని అడిగింది.

"నేను పెట్టిందే దానికి ఇసమయ్యిందట," అంది చివరికి. "నువ్వు నడిపిచ్చిందేమో మందయ్యిందట. డాక్టరమ్మ చెప్పింది. సంబురమేనా?"

కడాయి కింద మంట తగ్గుతోంది. మంగవ్వ లేచి రెండు కట్టెలు ఎగదోసి వచ్చి, ఈసారి కింద కూర్చోకుండా నీలవ్వ ఎదురుగా నిలబడింది.

"అత్త నాతోని ఒట్టేయించుకున్నది, చెప్పొద్దని. అత్త పోయింది. ఇగ నేను మొయ్య," అంది. "నీకు జ్వరమొచ్చినప్పుడు నీ రొమ్ములు రాయి లెక్క గట్టివడ్డయ్. నువ్వు మూలుగుతున్నవ్. గంగకేమో చీకే సత్తువ లేదు. నా పాలు పిండి, దూది ముంచి దాని నోట్లె సుక్క సుక్క పోసినం. నీ పాలు పిండి పోద్దామంటె అత్త ఒద్దన్నది. జ్వరం పాలు, ఏడో నెల పిల్ల, తట్టుకోదన్నది."

నీలవ్వకు ఇంతవరకూ తెలిసిందే. తల పక్కకు తిప్పుకుంది.

"పాలు ఎవ్వలన్న గుంజకపోతె ఎండిపోతయ్, రేపు గంగకు ఏం మిగులదన్నది అత్త. జమునను తీస్కపోయి నీ పక్కల పండవెట్టింది."

నీలవ్వ తల తిరిగి ఇటు వచ్చింది.

"గంగకు పడని పాలు నా బిడ్డకు పడుతయా అని నేనడగలే," అంది మంగవ్వ. "అడుగుదామనుకున్న. అది కూడ నా కడుపుల పుట్టిందే గదా. పచ్చి బాలింతను, మంచంల పండుకొని చూసుకుంట ఉన్న. నీ ఒళ్లు కాలుతున్నది, నా పిల్ల నీ రొమ్ము పట్టుకొని తాగుతున్నది. నీ జ్వరం దిగేదాక దినాం తాగింది. అందుకే నీ పాలు నిలిచినయ్. లేకుంటె ఏడియి చెల్లె నీకు పాలు?"

నీలవ్వ అక్కడే, ఆరబోసిన పసుపు పక్కన, నేల మీద కూలబడింది.

ఒళ్లు తెలియని ఆ రోజుల్లోంచి ఏదన్నా గుర్తుకు వస్తుందేమోనని వెతుక్కుంది. ఏమీ లేదు. వేడి, దాహం, ఎవరో నుదుటి మీద తడిగుడ్డ వేయడం, అంతే. జమున కాళ్లు మాత్రం కళ్ల ముందు కనిపించాయి. ఈ పొద్దు మధ్యాహ్నం మైదానంలో ఆ కాళ్లు వరుసగా కూర్చున్న పిల్లల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ ఉరుకుతుంటే, విరిగిపోతే బాగుండు అని ఒక్క క్షణం అనుకుంది తాను. నిజంగానే అనుకుంది. అనుకున్న కాసేపటికే గంగామణి పడిపోయింది.

ఆ కాళ్లలో తన పాలున్నాయి.

ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. మంగవ్వ మీద పెంచుకున్న కోపం పట్టుకుందామంటే చేతికి అందడం లేదు, వదిలేద్దామంటే వదలడం లేదు. ఇంతకాలం తనకు అన్యాయం చేసిందనుకున్న మనిషి, తన సొంత బిడ్డను నీలవ్వ కాలే ఒంటికి ఆనించనిచ్చి ఊరుకుంది. అంత పెద్ద పని చేసి నోరు మూసుకుని ఉన్న మనిషిని చూస్తే నీలవ్వకు దండం పెట్టాలనిపించలేదు. అసూయ పుట్టింది. ఇది కూడా నువ్వే చేశావా అనిపించింది. మంచితనంలో కూడా నాకు ఏమీ మిగల్చలేదు కదా అనిపించింది. ఆ ఆలోచనకు ఆమె సిగ్గుపడింది, అయినా అది పోలేదు.

"ఇన్నేండ్లు చెప్పనిదానివి ఇయ్యాల ఎందుకు చెప్తున్నవక్కా?" అంది. "అత్త పోయి కూడ మస్తు దినాలాయె."

మంగవ్వ రోడ్డు వైపు చూసింది. కూలోళ్లు ఇంకా రాలేదని తేల్చుకుని, నీలవ్వ పక్కన కూర్చుంది.

"గా దినం దవాఖానకు గంగ కోసం పోలే నేను," అంది. "నా కోసమే పోయిన. ఒక్కదాన్నే పోతుంటె బడి నుంచి వస్తున్న గంగ చూసి తోడొచ్చింది. డాక్టరమ్మ నన్ను చూసుడు అయినంక, పిల్ల ముఖం గట్లున్నదేంది అని దానికి కూడ పట్టీ చుట్టింది. గట్ల బయటపడ్డది దాని బీపీ."

"నీకేమయ్యింది?"

మంగవ్వ కొంగు కింద చెయ్యి పెట్టుకుంది, ఎడమ వైపు. నీలవ్వ ఆ చెయ్యి ఎక్కడ ఆగిందో చూసింది. ఏడో నెల పిల్లకు చుక్క చుక్క పాలు పిండిన వైపో కాదో, ఎవరికి తెలుసు.

గడ్డ ఉందని మంగవ్వ చెప్పింది. ముందు రేగిపండంత ఉండేదనీ, ఇప్పుడు పెరిగిందనీ, హైదరాబాద్ పోయి తీయించుకోవాలని డాక్టరు అప్పుడే చెప్పిందనీ, పసుపు ఉడకబెట్టడం అయిపోయాక పోదామని తానే ఆగాననీ చెప్పింది. వేరొకరి ఇంటి సంగతి చెబుతున్నట్టుగా చెప్పింది. భర్త కాశీరాంకు చెప్పలేదట. చెబితే ఆ మనిషి పసుపూ పొలమూ వదిలేసి మంచం పడతాడట. జమునకు చెప్పలేదట. జిల్లా జట్టుకు ఎంపిక ఉంది, తెలిస్తే ఆడలేకపోతుందట.

"రేపు నాకేమన్నయితె జమునను ఎవలు చూసుకుంటరని చూస్తె, నీ ఇల్లు తప్ప ఏం కనవడలే," అంది మంగవ్వ. "నీకు అది పడదని నాకెరుక. దాన్ని చూస్తె నీ ముఖం ఎట్లయితదో నేను పదమూడేండ్ల సంది చూస్తున్న. అందుకే చెప్పిన. అది నీ పాల పిల్ల. పరాయిది కాదు."

నీలవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. పసుపు పట్టిన గరుకు చెయ్యి. పెళ్లై ఈ ఇంటికి వచ్చాక ఆ చెయ్యి పట్టుకున్న గుర్తు లేదు. ముందు బావకు చెబుదామంది. రేపు పొద్దున్నే తానే తీసుకుపోతానంది. పసుపు కుళ్లిపోయినా సరేనంది. మాటలు తడబడుతున్నాయి.

"ఇంట్ల ఇంకెవలకు తెల్సు?" అని అడిగింది.

"ఎవ్వలకి తెల్వదు. గంగకు తప్ప."

అంత దుఃఖంలోనూ ఆ మాట నీలవ్వను సూదిలా పొడిచింది. గంగకు తప్ప. తన పిల్ల దీపావళి నుంచి ఇంత బరువు గుండెలో పెట్టుకుని తిరిగింది. తన పక్కనే పడుకుంది, తను కలిపి పెట్టిన ముద్ద మింగింది, ఒక్కసారీ అమ్మా అని నోరు విప్పలేదు. పెద్దమ్మ చెప్పొద్దంది కనుక చెప్పలేదు. పట్టుకున్న చెయ్యి వదిలెయ్యాలనిపించింది. వదలలేదు, ఇంకా గట్టిగా పట్టుకుంది. గట్టిగా పట్టుకున్నది ప్రేమతోనో కసితోనో ఆమెకే తెలియలేదు.

రోడ్డు మీద మాటలు వినిపించాయి. కూలోళ్లు కాదు. జమున ముందు నడుస్తోంది, మోకాళ్లకు ఇంకా మైదానం దుమ్ముంది. వెనక గంగామణి మెల్లగా వస్తోంది, మంచంలో ఉండమన్న పిల్ల. అమ్మ ఎక్కడికి పోయిందో ఊహించి, ఆగలేక, జమునను వెంటబెట్టుకుని వచ్చినట్టుంది. మంగవ్వ గబగబా కొంగు సర్దుకుని కళ్లు తుడుచుకుంది.

గంగామణి దగ్గరికొచ్చి పెద్దమ్మ ముఖం చూసింది, తల్లి ముఖం చూసింది. ఇద్దరి మధ్య కలిసి ఉన్న చేతులు చూసింది.

"చెప్పినవా పెద్దమ్మా?" అంది మెల్లగా.

జమున చప్పున చెల్లెలి వైపు తిరిగింది. ఆమె ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "ఏంది చెప్పేది? అందరు గట్ల చూస్తరేంది?" అంది. తల్లి జవాబు చెప్పకపోయేసరికి, ఎప్పుడూ అడగని మనిషిని అడిగింది.

"ఏం చెప్పింది చిన్నమ్మా?"

చెప్పొద్దని మంగవ్వ కళ్లు వేడుకుంటున్నాయి. చెప్పమని గంగామణి కళ్లు అడుగుతున్నాయి. అడ్డం ఏమీ లేకుండా, ఎదురుగా ఆ నిండైన, చక్కని, ఇంతకాలం తాను తల ఎత్తి సూటిగా చూడలేకపోయిన ముఖం.

నీలవ్వ నోరు తెరిచింది.